ఏడును ఒకటి చేసిన డబ్బా

మా సెక్షన్ హెడ్ అంటే నాకు మొదటి రోజు నుంచీ పడేది కాదు. ఆయనకూ నేనంటే పడేది కాదు. పోయినవాళ్ళ గురించి మంచి మాటలే చెప్పాలంటారు. చెప్పేవాళ్ళు చెప్పుకోనివ్వండి, నేను మాత్రం చెప్పను. ఆయన తయారుచేసిన ఒక డబ్బా గురించి, ఆ డబ్బా పుణ్యమా అని బజారున పడబోయిన ఒక మనిషి గురించి చెబుతాను. వింటే నాకు ఇంకా ఎందుకు ఒళ్ళు మండుతుందో మీకే తెలుస్తుంది.

డెబ్బైల చివరి మాట. బొంబాయి రోడ్డు మీద మదీనాగూడ దాటాక మా సంస్థ. అటూ ఇటూ జొన్న చేలు, రాళ్ళు, మధ్యలో మా ప్రహరీగోడ. ఎలక్ట్రానిక్స్ సెక్షన్ మొత్తానికి ఆడమనిషిని నేనొక్కదాన్నే. మాది కృష్ణా జిల్లా. మా హెడ్‌దీ అటువైపే. చేరిన రోజే నన్ను పిలిచి కూర్చోబెట్టి, "మనవాళ్ళం మనం నలుగురమే ఉన్నామమ్మా ఇక్కడ. ఒకరినొకరం కాచుకోవాలి" అన్నాడు. కాచుకోవడం అంటే ఆయన ఏం చెప్పినా తలూపడం అని నాకు వారం తిరక్కుండానే అర్థమైంది. నాకు తల ఊపడం చేతకాదు. మా అమ్మ కూడా అదే అని వాపోయేది.

మా కాలనీకి నీళ్ళు ఖాజాగూడ గుట్టల మీద కట్టిన ట్యాంకు నుంచి వచ్చేవి. పంపులు మాత్రం మా ఆవరణలో ఉండేవి. ఇక్కడి నుంచి నీళ్ళు పైకి తోలితే అక్కడ నిండేవి, అక్కడి నుంచి వాటంతట అవే కాలనీకి దిగేవి. ట్యాంకులో ఎన్ని అంగుళాల నీరుందో ఇక్కడి పంపు డ్రైవరుకు తెలియాలి కదా. అందుకు గుట్ట మీద రేకుల షెడ్డు వేసి, అందులో ఒక మనిషిని పెట్టి, ఫోను తీగ లాగారు. ఆయన రోజుకు కొన్నిసార్లు కొలబద్ద చూసి ఫోనులో అంకె చెప్పేవాడు. అంతే పని. ఏళ్ళ తరబడి ఏ గొడవా లేకుండా సాగిపోయింది.

ఆ మనిషిది ఖాజాగూడే. వయసు నలభై ఐదు దాకా ఉంటుంది. ట్యాంకు కట్టిన రాతి నేల ఆయన తండ్రిది. భూమి తీసుకునేటప్పుడు ఇంటికొక ఉద్యోగం ఇస్తామన్నారు. ఇచ్చారు, టెంపరరీ. "పర్మినెంట్ చేస్తాం" అన్న మాట ఏటేటా చెబుతూనే ఉన్నారు. ఆ ఏడాది ఫైలు నిజంగానే కదిలింది. ఇంకో సంతకం పడితే ఆయన పర్మినెంట్. ఇంట్లో ఆ జీతం తప్ప మరో ఆధారం లేదు, దున్నుకుందామంటే నేల ట్యాంకు కింద పోయింది. నేను ఆయన్ని 'అన్నా' అనేదాన్ని, ఆయన నన్ను 'అమ్మా' అనేవాడు. మా హెడ్ మాత్రం ఎదుటా చాటునా కూడా "వాడు" అనేవాడు.

అప్పుడే విదేశాల నుంచి ఒక చిప్ వచ్చింది మాకు. కంప్యూటరంతా ఒక్క ముక్కలో ఇమిడిందని దాన్ని దేవుడి పటంలా అందరికీ చూపించాడు మా హెడ్. దాంతో రెండు డబ్బాలు చేయించాడు. ఒకటి గుట్ట మీది షెడ్డులో, ఒకటి ఇక్కడి ఏసీ గదిలో. షెడ్డులో మీటలు నొక్కితే అంకెలు తీగ వెంట వచ్చి, ఇక్కడి డబ్బాలో పడి, టెలిప్రింటర్ మీద అచ్చవుతాయి. ఫోనులో ఒక్క మాటతో తేలే పనికి ఇంత హంగామా ఏమిటని అడిగితే, "అభివృద్ధి అంటే తెలుసా నీకు?" అన్నాడు. పైగా ఇక మీదట ఫోనులో అంకెలు చెప్పకూడదని ఆర్డరేశాడు. ఫోనులో చెబితే డబ్బా దేనికి అని ఎవరైనా అడుగుతారని ఆయన భయం.

అసలు గొడవ ఆ డబ్బా లోపలి గడియారంతో వచ్చింది. ఇక్కడ కాస్త ఓపిక పట్టండి, కష్టమైనదేమీ కాదు.

ఒక్కో అంకె తీగ మీద ఐదు దరువులుగా వెళుతుంది. ఒక్కో దరువు దగ్గర కరెంటు ఉండొచ్చు, లేకపోవచ్చు. ఏ దరువులో ఉంది, ఏ దరువులో లేదు అన్నదాన్ని బట్టి అది ఏ అంకో తెలుస్తుంది. పంపేవాడు తన గడియారం ప్రకారం దరువు వేస్తాడు. పుచ్చుకునేవాడు తన గడియారం ప్రకారం చూసుకుంటాడు. ఇద్దరి మధ్యా 'ఇదిగో మొదలెడుతున్నా' అన్న సైగ ఒక్కటే ఉంటుంది, ఆ తర్వాత ఎవరి లెక్క వాళ్ళది. కోలాటంలో ఒకరు వేగం పెంచితే మొదటి దెబ్బలు కలుస్తాయి గానీ ఐదో దెబ్బకు ఎదుటి కర్ర అక్కడ ఉండదు. ఇదీ అంతే.

ఆ చిప్‌కు గడియారం రెండు రకాలుగా పెట్టుకోవచ్చు. లోపల ఉన్న, దరువు పుట్టించే ఆసిలేటర్‌నే వాడుకుని బయట ఒక రెసిస్టరూ ఒక కెపాసిటరూ తగిలిస్తే సరిపోతుంది. లేదా బయట క్రిస్టల్ పెట్టాలి. క్రిస్టల్ అంటే చిన్న రేకు డబ్బీలో బిగించిన స్ఫటికపు పలక. ఎండలో పెట్టినా చలిలో పెట్టినా దాని ఊపు మారదు, మారినా మన పనికి లెక్కలోకి రానంత. లోపలి ఆసిలేటర్ అలా కాదు. వేడెక్కితే కెపాసిటర్ నీరసిస్తుంది, గడియారం పరుగెత్తుతుంది. మేం వాడిన కెపాసిటర్లు మరీ నాసివి. గుట్ట మీద, రేకుల కింద, నాలుగు పక్కలా రాళ్ళు కాలే చోట పెట్టే డబ్బాకు క్రిస్టల్ లేకుండా కుదరదని నేను మొదటే చెప్పాను.

"క్రిస్టల్ ఆర్డరిచ్చి కోయించుకోవాలి. ఎప్పుడొస్తుందో తెలీదు. వచ్చే నెల ప్రారంభోత్సవం" అన్నాడు మా హెడ్.

"కాస్త ఆగి చేద్దామండీ. ఇలాగైతే పనిచెయ్యదు."

"ఏం పనిచెయ్యదు? ఏసీ గదిలో రెండు డబ్బాలూ పక్కపక్కన పెట్టి వారం నడిపాం. ఒక్క తప్పు లేదు. లోపలిది ఉండగా బయటిది దేనికమ్మా? నీకు అంత స్ఫటికాల పిచ్చి ఉంటే మెడలో స్ఫటికాల దండ వేసుకుని రా, ఆఫీసుకి శాంతి చేకూరుతుంది."

సెక్షనంతా నవ్వింది. నవ్వినవాళ్ళ మొహాలన్నీ నాకు ఇప్పటికీ గుర్తే.

ఆ ఏసీ గది గురించి కూడా చెప్పాలి. దానికి గర్భగుడి మర్యాద. చెప్పులు బయట విప్పాలి, గట్టిగా మాట్లాడకూడదు. ఏప్రిల్ నెలలో కూడా లోపల జనం స్వెట్టర్లు వేసుకుని కూర్చునేవాళ్ళు. ఆ చలిలో ఏ డబ్బా అయినా బుద్ధిగానే పనిచేస్తుంది. షెడ్డులో పాడైన డబ్బాను తెచ్చి చెప్పులు విప్పి ఆ గదిలో పెట్టేవాళ్ళు. అది చల్లబడి చక్కగా పనిచేసేది. "ఏ లోపమూ లేదు" అని మళ్ళీ గుట్టకు పంపేవాళ్ళు. ఎవడికీ దాన్ని ఎండలో పెట్టి చూద్దామన్న బుద్ధి పుట్టలేదు. నేను అన్నాను, నా మాట ఎవరు వింటారు?

ప్రారంభోత్సవం జరిగింది. కొబ్బరికాయ కొట్టారు, డబ్బాకు బొట్టు పెట్టారు. అది మాఘమాసం, గుట్ట మీద కూడా చల్లగానే ఉంది. అన్నీ సరిగ్గా వచ్చాయి. మా హెడ్ నా వైపు చూసి కనుబొమలు ఎగరేశాడు.

ఎండలు ముదిరాక అసలు రంగు బయటపడింది. పొద్దున అంకెలు బాగానే వచ్చేవి. మధ్యాహ్నం అప్పుడప్పుడూ అంకె రావాల్సిన చోట ఏదో పిచ్చి గుర్తు పడేది. "లైను బాలేదు" అని మళ్ళీ పంపమనేవాళ్ళు. అలా కొన్నాళ్ళు నెట్టుకొచ్చారు.

ఒక మధ్యాహ్నం ట్యాంకులో ఎనభై ఏడు అంగుళాల నీరుంది. అంటే దాదాపు నిండినట్టే. అన్న మీటలు నొక్కాడు. ఇక్కడ అచ్చైంది సున్నా, ఒకటి. పిచ్చి గుర్తులు కావు, శుభ్రమైన అంకెలు. పంపు డ్రైవరు చూసి గుండె బాదుకున్నాడు. ట్యాంకు ఎండిపోయిందనుకుని పంపులన్నీ ఒక్కసారే వేసేశాడు. సాయంత్రానికి ట్యాంకు పొర్లి గుట్ట మీద నుంచి నీళ్ళు జలపాతంలా దూకాయి. కింద బావి అడుగంటింది. అసలే ఎండాకాలం, కాలనీలో రెండు రోజులు చుక్క నీరు లేదు. ఆఫీసర్ల ఇళ్ళలో కూడా లేదు కాబట్టి ఇది పెద్ద నేరమైంది.

మర్నాడు పొద్దున్నే జీపులో గుట్టకు వెళ్ళాం. మా హెడ్ ముందు సీట్లో, నేను వెనక. షెడ్డులోకి అడుగుపెడుతూనే ఆయన అన్న మీద విరుచుకుపడ్డాడు.

"ఏరా, కల్లు తాగి నొక్కావా?"

"సార్, నేను తాగ. ఎనభై ఏడే కొట్టిన. కొట్టి, కండ్లార సూసిన."

"మరి సున్నా ఒకటి ఎలా వచ్చిందిరా?"

"నాకేమెరుక సార్? డబ్బ మీది, తీగ మీది. నాదైతే గీ ఏలు ఒక్కటే."

నాకు నవ్వొచ్చింది. హెడ్‌కు రాలేదు. కోపంగా అటూ ఇటూ చూస్తూంటే ఆయన కళ్ళు గోడ మీద పడ్డాయి. అన్న పూట పూటకూ నీటి మట్టం బొగ్గుతో గోడ మీద గీసుకునేవాడు, తన గుర్తు కోసం. ఆ అంకెలు ఉర్దూలో ఉన్నాయి. నిజాం కాలంలో బడికి పోయినవాడు కదా, లెక్క ఆ అంకెల్లోనే వచ్చేది. ఉర్దూలో ఏడు ఇంగ్లీషు 'వి' అక్షరంలా ఉంటుంది. దాన్ని బోర్లిస్తే ఎనిమిది.

మా హెడ్ మొహం వెలిగిపోయింది. పోయిన వస్తువు దొరికినవాడిలా గోడ దగ్గరకు పరుగెత్తాడు.

"అదీ సంగతి! చూశావామ్మా? వీడి చదువులో ఏడూ ఎనిమిదీ ఒకదానికొకటి తలకిందులు. ఎటు నుంచి చూస్తే ఏదో వీడికే తెలీదు. సరిగ్గా ఆ రెండు అంకెలే తప్పొచ్చాయి, మిగతావి రాలేదు. ఇంకేం సాక్ష్యం కావాలి?"

"మీటల మీద ఉన్నవి ఇంగ్లీషు అంకెలు కదండీ" అన్నాను.

"బుర్రలో ఉన్నది ఉర్దూ. ఈ నిజాం చదువులు ఇంతే."

 ఆ మాటకు అన్న మొహం కందిపోవడం నేను చూశాను. నాకైతే అక్కడే ఉన్న ఇనుప కుర్చీ ఎత్తి కొట్టాలనిపించింది. సాటి కృష్ణా జిల్లాదాన్నని ఆయన నా వైపు తిరిగి కన్ను గీటాడు చూడండి, ఆ కన్ను గీటడం ఇంకా అసహ్యం.

గోడ మీది అంకెలన్నీ అన్నతో చెప్పించుకుని రాసుకొచ్చి, టెలిప్రింటర్ కాగితాల చుట్టలు ముందేసుకుని రెండూ పోలుస్తూ కూర్చున్నాను. చూడగా చూడగా ఒక సంగతి కనబడింది. మధ్యాహ్నాల్లో ఏడు వెళ్ళినచోట ఒకటి వచ్చింది, ఎనిమిది వెళ్ళినచోట సున్నా వచ్చింది. కానీ ఒకటి వెళ్ళినచోట ఏడు ఎన్నడూ రాలేదు. సున్నా ఎన్నడూ ఎనిమిది కాలేదు. ఏడు ఎనిమిదవడం గానీ, ఎనిమిది ఏడవడం గానీ అసలే లేదు. తడబడే మనిషి అటూ తడబడతాడు, ఇటూ తడబడతాడు. ఇలా ఒకే వైపుకు, అదీ మిట్టమధ్యాహ్నం మాత్రమే తడబడే మనిషి లోకంలో ఉండడు.

కోడ్ పట్టిక తీసి చూస్తే నాకు చప్పట్లు కొట్టాలనిపించింది. ఏడుకు మొదటి మూడు దరువులూ ఉంటాయి, చివరి రెండూ ఉండవు. ఒకటి కూడా అచ్చం అదే, ఐదో దరువు ఒక్కటే అదనం. ఎనిమిదికీ సున్నాకూ తేడా కూడా ఆ ఐదో దరువే. ఐదూ అయిపోయాక తీగలో కరెంటు ఉన్నట్టుగానే ఆగిపోతుంది, మళ్ళీ అంకె మొదలయ్యే దాకా. ఎండకు గుట్ట మీది గడియారం పరుగెత్తింది, చల్లటి గదిలోని గడియారం వెనకబడింది. ఇక్కడి డబ్బా ఐదో దరువు చూసే వేళకు అక్కడ ఐదూ అయిపోయి తీగ తీరిగ్గా కూర్చుంది. లేని దరువు ఉన్నట్టు కనబడింది. మూడుకో నాలుగుకో ఇలా జరిగితే అంకె కాని గుర్తు పడుతుంది కాబట్టి జనం మళ్ళీ అడిగారు. ఏడూ ఎనిమిదీ పాడైనా అంకెల్లాగే ఉండబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. హెడ్ గారి 'ఆ రెండే' అన్న సాక్ష్యం కథ ఇంత.

ఆయన దగ్గరకు పోయి చెప్పాను. పూర్తిగా వినలేదు. "రెసిస్టర్ కాస్త తిప్పి సరిచెయ్యి" అన్నాడు. తిప్పితే మధ్యాహ్నం సరిపోయింది, తెల్లారి చెడింది. ఆ మాటా చెప్పాను. "అయితే తిప్పకు, పాతచోటే ఉంచు" అన్నాడు. ఏడ్చినట్టే ఉంది తెలివి.

జనరల్ మేనేజర్ దగ్గర విచారణ పెట్టారు. ఆయన పాత హైదరాబాద్ మనిషి, రిటైర్మెంటుకు దగ్గర్లో ఉన్నాడు, ఏ గొడవైనా టీ చల్లారేలోపు తేలిపోవాలనుకునే రకం. మా హెడ్ బ్లాక్‌బోర్డు మీద ఉర్దూ అంకెలు వేసి మరీ ఉపన్యాసం ఇచ్చాడు. "సార్, ఇది ఏడు. దీన్ని తలకిందులు చేస్తే..."

"అది ఎనిమిదయ్యా" అన్నాడు జనరల్ మేనేజర్.

"సార్?"

"నువ్వు గీసింది ఎనిమిది. ఏడు దానికి ఉల్టా ఉంటది. నేను బీ గా చదువే చదివిన."

 మా హెడ్ గబగబా డస్టరు అందుకున్నాడు. నేను నవ్వు ఆపుకోలేదు, పైకే నవ్వాను. నన్ను చూసి నవ్విన సెక్షన్ అప్పుడు బల్లల కిందకు చూసింది.

అయినా పెద్దాయనకు తేల్చెయ్యడమే కావాలి. అన్న వైపు తిరిగి, "చూడు, భూమిచ్చినోడివి. నిన్ను తీసేసుడు నాకిష్టం లేదు. తప్పయింది, ఇగ గిట్ల కాదు అని రాసి సంతకం పెట్టు. ఒక మెమో ఇచ్చి ఉంచుకుంటం. పర్మినెంటు సంగతి మల్ల సూద్దం" అన్నాడు.

"పెట్ట సార్" అన్నాడు అన్న.

"ఎందుకు పెట్టవు?"

"నేను ఏడుకు ఏడే కొట్టిన. ఒకటి కొట్టిన అని ఎట్ల రాయాలె? నాకు అంకెలు రావని నా చేతితోనే రాయాల్నా?"

"ఏరా, పొగరా?" అని హెడ్ అందుకున్నాడు. "సార్, సంతకం పెట్టకపోతే ఇవాళే పంపించెయ్యండి."

నేను లేచి నిలబడ్డాను. పాతికేళ్ళు దాటని దాన్ని, ఉద్యోగం పోతే ఇంట్లో పెళ్ళి చేసి పంపేస్తారు. ఆ భయం ఉంది. కానీ కోపం దానికంటే పెద్దదిగా ఉంది.

"సార్, ఒక్క పని చెయ్యండి. మా హెడ్ గారినే గుట్టకు పంపండి. ఆయనే మీటలు నొక్కుతారు. ఆయన ఉర్దూ చదవలేదు కదా. ఎనభై ఏడు నొక్కమనండి. ఇక్కడ మనం చూద్దాం."

"ఓ, తప్పకుండా" అన్నాడు హెడ్, ధీమాగా. "రేపు పొద్దున్నే వెళతాను."

"పొద్దున కాదండీ. మధ్యాహ్నం రెండింటికి."

"ఎప్పుడైతే ఏమిటమ్మా?"

"ఎప్పుడైతే ఏముందయ్యా, రెండింటికే పో" అన్నాడు జనరల్ మేనేజర్.

మర్నాడు మేము ఏసీ గదిలో చెప్పులు విప్పి కూర్చున్నాం. పెద్దాయన, నేను, పంపు డ్రైవరు, ఒక మూల నిలబడి అన్న. అన్నకు ఆ చలి కొత్త, చేతులు చంకల్లో పెట్టుకున్నాడు. కూర్చోమంటే కూర్చోలేదు. టెలిప్రింటర్ వైపే చూస్తున్నాడు. ఆ యంత్రం కొట్టబోయే రెండు అంకెల మీద తన ఇల్లంతా ఆధారపడి ఉందని ఆయనకు తెలుసు. ఆ గడియారం లెక్కంతా నేను వివరించాను గానీ అది ఆయన చెవికెక్కలేదు. "నా ఏలు సరిగనే ఉన్నదని తేలుతదా అమ్మా?" అని మాత్రం అడిగాడు. తేలుతుంది అన్నాను. లోపల నాకూ గుబులుగానే ఉంది. ఆ దిక్కుమాలిన డబ్బా ఆ ఒక్కసారికి సరిగ్గా పనిచేస్తే మా ఇద్దరి గతీ అంతే.

టకటకమని యంత్రం కదిలింది. సున్నా. ఒకటి.

పెద్దాయన కళ్ళజోడు సవరించుకుని ఇంకోసారి పంపమన్నాడు. మళ్ళీ సున్నా, ఒకటి. మూడోసారీ అంతే. ఫోను కలిపి నా చేతికిచ్చాడు.

"పంపానమ్మా, మూడుసార్లు ఎనభై ఏడు పంపాను. వచ్చిందా?" అవతల నుంచి మా హెడ్ గొంతు, ఆ వేడికి రొప్పుతూ.

"సున్నా ఒకటి వచ్చిందండీ, మూడుసార్లూ. తమరు ఏ మీడియంలో చదువుకున్నారు సార్?"

 పంపు డ్రైవరు నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు. పెద్దాయన నన్ను కసరలేదు. అన్న మాత్రం నవ్వలేదు. గోడకు ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు. కాసేపటికి కండువాతో మొహం తుడుచుకున్నాడు. నాకు అంత సంతోషం మళ్ళీ ఎప్పుడూ కలగలేదు. ఒక మనిషిని అందరి ముందూ ఓడించడంలో ఇంత సుఖం ఉంటుందా అనుకున్నాను. ఉంటుంది, దాచడం దేనికి?

క్రిస్టళ్ళు ఆర్డరిచ్చారు. వానలు పడ్డాక వచ్చాయి. రెండు డబ్బాల్లోనూ నేనే నా చేత్తో టంకం పెట్టి బిగించాను. ఒక డబ్బాను పొయ్యి పక్కన పెట్టి, ఇంకోదాన్ని మంచు ముక్కల మధ్య పెట్టి చూశాను. ఏడు ఏడే, ఎనిమిది ఎనిమిదే. మరుసటి వేసవి మొత్తం ఒక్క అంకె తప్పలేదు. మా హెడ్ దాని గురించి ఎక్కడో సభలో మాట్లాడి దండ వేయించుకుని వచ్చాడు. క్రిస్టల్ పెట్టాలన్న ఆలోచన ఆయనదేనట. సరే, ఊరేగనివ్వండి అనుకున్నాను. అన్న ఉద్యోగం నిలిచింది, నాకంతే చాలు.

ఆ పై ఏడాది జనరల్ మేనేజర్ రిటైరయ్యాడు. కొత్తాయన వచ్చాడు. ఒకరోజు మా హెడ్ నన్ను పిలిచి ఒక బొమ్మ ముందు పెట్టాడు. ట్యాంకులో ఒక తేలే బుడ్డి, దానికి తీగ, తీగ నేరుగా డబ్బాలోకి. నీటి మట్టాన్ని డబ్బానే చూసుకుంటుంది, డబ్బానే పంపుతుంది.

"మీటలెక్కడున్నాయండీ ఇందులో?" అన్నాను.

"మీటలు దేనికమ్మా ఇంక? తీగ మీద, డబ్బా మీద నమ్మకం లేనప్పుడు మనిషి కావాలి, అనుమానం వస్తే మళ్ళీ కొట్టించుకోవాలి. ఇప్పుడు అనుమానమే లేదు కదా."

"మరి అక్కడున్న మనిషి?"

ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. ఆ నవ్వు మొహం గుర్తొస్తే ఇప్పటికీ నాకు అన్నం సహించదు.

"నువ్వే కదమ్మా నిరూపించావు, తప్పు మనిషిది కాదు, డబ్బాదని. డబ్బా బాగుపడింది. ఇంక మనిషితో పనేముంది?"

అరిచాను. కొత్త జనరల్ మేనేజర్ దగ్గరకు పోయి కూడా అరిచాను. టెంపరరీ పోస్టు, పని లేకపోతే ఉంచుకోవడానికి రూలు లేదన్నాడాయన. పర్మినెంట్ ఫైలు ఏమైందంటే, ట్యాంకు పొర్లిన గొడవలో ఆగింది, ఆగినది ఆగినట్టే ఉందన్నాడు. భూమి సంగతి అడిగితే, ఉద్యోగం ఇచ్చాం కదా, ఎన్నాళ్ళని ఎక్కడా అనలేదే అన్నాడు. నేను చేసిన పని తప్పని నేను ఈ రోజుకీ అనుకోను. చేతికి మళ్ళీ ఆ డబ్బా ఇస్తే మళ్ళీ క్రిస్టలే పెడతాను. కానీ ఆ వారం నాకు క్రిస్టల్ అన్న మాట వింటేనే కంపరమెత్తేది.

ఆఖరు రోజు షెడ్డు తాళం చెవి ఇవ్వడానికి అన్న మా సెక్షనుకు వచ్చాడు. తాళం చెవి హెడ్ బల్ల మీద పెట్టి, ఆయన వైపు చూడకుండా నేరుగా నా దగ్గరకు వచ్చాడు.  "నన్ను తిట్టు అన్నా" అన్నాను.

"మిమ్మల్నెందుకు తిడత అమ్మా? మీరు నా దిక్కే నిలబడ్డరు" అన్నాడు. తర్వాత మామూలుగా, ఏదో బస్సు టైము చెబుతున్నట్టు అన్నాడు: "గా దినం సంతకం పెట్టి ఉంటే గా డబ్బ గట్లనే ఉండు, నేను గాన్నే ఉందును. అంకెలు రానోడికి నౌకరి ఇస్తమన్నరు. వస్తయని సాబితు అయింది, ఇంటికి పొమ్మన్నరు."